ఏ కాగితం నిలుస్తుంది?

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారక ఉపన్యాసం, పాయకరావుపేట)

రాజమండ్రిలో 1909 జులై 15న పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఈడొచ్చాక ఆ కాపురానికి వెళ్లనని ఆమె తేల్చి చెప్పింది. పుట్టింటివాళ్లు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ పెళ్లి అక్కడితో ఆగిపోయింది కానీ, ఆగిపోయిందని ఏ కోర్టూ కాగితం ఇవ్వలేదు. కొన్ని కులాల్లో తెగతెంపుల ఆచారం ఉన్నా, మద్రాసు రాష్ట్రంలోని హిందువులకు విడాకుల చట్టమంటూ అప్పటికి లేదు. చదువు మధ్యలో ఆగిన ఆ పిల్లే తర్వాత చదివి, ఆంధ్ర మహిళా సభను పెట్టి, మద్రాసులో వకీలై, రాజ్యాంగ సభలో కూర్చుని ఆడవాళ్ల ఆస్తి హక్కు గురించి గట్టిగా మాట్లాడింది.

1953లో చైనా వెళ్లినప్పుడు ఆమె అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చింది. మొగుడూ పెళ్లాల తగువును పొలం గట్టు తగువులా, అప్పు దావాలా విచారించకూడదనీ, దానికి వేరే కోర్టు, వేరే పద్ధతి ఉండాలనీ జస్టిస్ ఎం.సి. చాగ్లాతోనూ, జస్టిస్ పి.బి. గజేంద్రగడ్కర్‌తోనూ, ప్రధాని నెహ్రూతోనూ చర్చించింది. ఆ ఆలోచన చట్టమయ్యేసరికి మూడు దశాబ్దాలు గడిచాయి. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. దుర్గాబాయి 1981 మే 9నే కన్నుమూసింది. ఆమె పేరు మీద జరిగే ప్రసంగంలో విడాకులు, ఆస్తి, మనోవర్తి గురించి మాట్లాడటం కంటే తగిన పని మరొకటి కనబడదు.

పైగా ఈ ఊరు ఉన్న చోటు కూడా అలాంటిదే. పాయకరావుపేట నుంచి తునికి తాండవ మీది వంతెన దాటితే చాలు. సంతకు, సినిమాకు, రైలుకు రోజూ దాటే వంతెనే అది. పిల్లనిచ్చిపుచ్చుకోవడమూ ఆ వంతెన మీదుగానే. కానీ ఏరు దాటితే జిల్లా మారుతుంది. ఒకప్పుడు ఇటు విశాఖపట్నం, అటు తూర్పుగోదావరి. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇటు అనకాపల్లి, అటు కాకినాడ. కాపురం బాగున్నన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ పట్టదు. చెడ్డాక మాత్రం మొదటి ప్రశ్న ఇదే అవుతుంది: కేసు ఎక్కడ వెయ్యాలి? పెళ్లి ఇక్కడ జరిగి, కాపురం అక్కడ పెట్టి, గొడవయ్యాక పిల్ల పుట్టింటికి వచ్చేస్తే, అత్తారి ఊరి కోర్టుకే వెళ్లాలేమోనని చాలామంది వెనకాడతారు.

వెళ్లనక్కర్లేదు. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్‌లో 2003లో ఒక చిన్న చేర్పు చేశారు. దాని ప్రకారం భార్య తాను ఉంటున్న చోటే పిటిషన్ వెయ్యొచ్చు. మనోవర్తి కేసు కూడా ఆమె నివాసం ఉన్న చోట నడుస్తుంది. గృహహింస చట్టం ఇంకో అడుగు ముందుకేసి, తాత్కాలికంగా తలదాచుకుంటున్న చోటు కూడా చాలంది. అత్తారింటికి ఎదురుగా, ముక్కూమొహం తెలియని ఊళ్లో వాయిదాలకు తిరగలేక ఎందరో కేసులే వదులుకున్నారు కాబట్టి ఈ చేర్పు చిన్నదైనా విలువైనది.

ఇక అసలు విషయం. విడాకులు అన్న మాటలోనే ఆకు ఉంది. పత్రం అన్నా ఆకే. తాటాకు పోయి కాగితం వచ్చింది, ఆ కాగితం మీద స్టాంపు వచ్చింది. కానీ పెద్దమనుషులు కూర్చుని, రెండు వైపులవాళ్లనూ కూర్చోబెట్టి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఈ రోజు నుంచి మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు" అని రాయించి, సంతకాలూ వేలిముద్రలూ పెట్టించే పద్ధతి మాత్రం కోస్తా ఊళ్లలో అలాగే ఉంది. ఆ పెద్దల మనసులో చెడు ఉండదు. ఇద్దరి బతుకూ తెల్లారకూడదనే వాళ్ల తాపత్రయం. కానీ ఆ కాగితం నిలవదు. ఈ ఉపన్యాసం మొత్తానికీ మూలమైన మాట ఇదే: ఈ ప్రాంతపు ఆడవాళ్లు కోర్టులో పోగొట్టుకునేదాని కంటే, కోర్టు గడప ఎక్కకముందు రాసిన కాగితాల్లోనూ, రాయించుకోని కాగితాల్లోనూ పోగొట్టుకునేదే ఎక్కువ.

చట్టం ఆచారాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదన్నది నిజమే. మద్రాసు రాష్ట్రం 1949లో ద్విభార్యాత్వాన్ని నిషేధిస్తూ, హిందువులకు విడాకుల వీలు కల్పిస్తూ ఒక చట్టం తెచ్చింది. అప్పటికి ఈ ఊరు ఆ రాష్ట్రంలోనే ఉంది. 1955 మే 18న అమల్లోకి వచ్చిన హిందూ వివాహ చట్టం దాని స్థానాన్ని ఆక్రమించింది. ఆ చట్టంలోని 29వ సెక్షన్, ఆచారం ప్రకారం వచ్చే విడాకుల హక్కుకు భంగం లేదంది. పెద్దమనుషులు పట్టుకునే కొమ్మ ఇదే. అయితే ఆ ఆచారం తమ కులంలో, తమ ప్రాంతంలో తరతరాలుగా, తెంపు లేకుండా, అందరూ ఒప్పుకునేలా ఉందని సాక్ష్యాలతో రుజువు చెయ్యాలి. సాధారణ చట్టానికి అది మినహాయింపు కాబట్టి, ఉందన్నవాళ్లే నిరూపించాలని 2002లో సుప్రీంకోర్టు ఖరాఖండిగా చెప్పింది. "మావాళ్లలో మామూలే" అన్న ఒక్క మాటతో పని జరగదు.

నిరూపించలేకపోతే ఏమవుతుంది? మొదటి పెళ్లి చట్టం దృష్టిలో బతికే ఉంటుంది. ఆ స్టాంపు కాగితాన్ని నమ్మి మారుమనువు చేసుకున్న మనిషి రెండో పెళ్లి చెల్లదు. ఏళ్ల తర్వాత, ఉద్యోగి అయిన భర్త చనిపోయి పింఛను కాగితాలు కదిలినప్పుడు, తాను భార్యనే కానని రెండో ఆమెకు తెలుస్తుంది. పిల్లలకు మాత్రం ఆ మచ్చ అంటదు. చెల్లని పెళ్లి వల్ల పుట్టిన బిడ్డలనూ హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ సక్రమ సంతానంగానే చూస్తుంది. తల్లిదండ్రుల ఆస్తిలో వాళ్లకు హక్కు ఉంటుంది.

హైదరాబాద్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసు ఈ సంగతిని కళ్లకు కడుతుంది. ఆ కేసు వేసిన మహిళకు 1999లో పెళ్లయింది, ఒక కొడుకు. 2005లో భార్యాభర్తలు విడిపోతూ ఒప్పంద పత్రం రాసుకున్నారు. డిక్రీ తీసుకోలేదు. పొరుగునే ఉన్న మరో వ్యక్తి, ఈ సంగతులన్నీ తెలిసే ఆమెను పెళ్లాడాడు. తర్వాత తనే కోర్టుకెళ్లి ఆ పెళ్లిని రద్దు చేయించుకుని, మళ్లీ ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. ఈసారి పెళ్లిని రిజిస్టరు కూడా చేయించారు. కూతురు పుట్టింది. ఈ కాపురమూ చెడింది. ఆమె మనోవర్తి అడిగితే కుటుంబ న్యాయస్థానం ఆమెకు నెలకు 3,500, బిడ్డకు 5,000 రూపాయలు ఇమ్మంది. హైకోర్టు మాత్రం, మొదటి పెళ్లి చట్టప్రకారం రద్దు కాలేదు కాబట్టి ఆమె ఇతని భార్య కాదంటూ ఆమె భాగాన్ని కొట్టేసింది. చివరికి 2025 జనవరి 30న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ ఆ 3,500 ఆమెకు తిరిగి ఇప్పించారు. అన్నీ తెలిసి పెళ్లాడినవాడు, తీరా పోషించాల్సి వచ్చేసరికి ఆ లోపాన్నే అడ్డం పెట్టుకోకూడదన్నారు. మంచి తీర్పు. కానీ 2005లో ఒప్పంద పత్రానికి బదులు ఒక డిక్రీ తీసుకుని ఉంటే, నెలకు మూడున్నర వేల కోసం ఢిల్లీ దాకా వెళ్లాల్సిన అగత్యం ఆమెకు ఉండేదే కాదు.

పల్లె పంచాయితీ కాగితమే కాదు, అమెరికా కోర్టు కాగితమూ ఒక్కోసారి నిలవదు. న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ చదివే నరసింహారావు-వెంకటలక్ష్మి కేసు మన తెలుగు కేసే. 1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో పెళ్లి. 1978లో వేరుపడ్డారు. భర్త మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో పిటిషన్ వేసి, భార్య హాజరు కాకుండానే 1980లో విడాకులు తెచ్చుకున్నాడు. మరుసటి ఏడు యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యాత్వం కేసు పెట్టింది. మేజిస్ట్రేటు అమెరికా తీర్పు జిరాక్సు కాపీని చూసి అతన్ని వదిలేశాడు. 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీ మన దేశంలో చెల్లదంది. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కారణంతో, ఆ చట్టం ఒప్పుకునే కోర్టులో, రెండో పక్షం నిజంగా పాల్గొన్న విచారణలో తీర్పు రావాలన్నది సూత్రం. జిరాక్సు కాపీ సాక్ష్యంగా పనికిరాదనీ చెప్పింది. డల్లాస్ సంబంధమో, న్యూజెర్సీ సంబంధమో కుదిరిన ఇంటివాళ్లు ఈ కేసు పేరు గుర్తుంచుకోవడం మంచిది. అమెరికా నుంచి నోటీసు వస్తే దాన్ని బీరువాలో పడేయకుండా వకీలుకు చూపించాలి. తెలియక అక్కడి కోర్టు అధికారాన్ని ఒప్పుకుంటూ సంతకం పెడితే కథ వేరేగా ఉంటుంది.

మరి నిలిచే విడాకులు ఎలా వస్తాయి? ఇద్దరూ కలిసి అడిగితే దారి సులువు. హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన 13-బి సెక్షన్ ప్రకారం ఏడాది వేరుగా ఉన్న దంపతులు కలిసి పిటిషన్ వేస్తారు. ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి అదే మాట చెబితే డిక్రీ వస్తుంది. కలిసే ఆశ లేదని తేలినచోట ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. డిక్రీ వచ్చేలోగా ఒకరు మనసు మార్చుకుంటే విడాకులు రావు. ఇద్దరికీ ఒప్పందం లేకపోతే క్రూరత్వం, రెండేళ్లు విడిచిపెట్టి పోవడం, వ్యభిచారం లాంటి కారణాలలో ఒకటి రుజువు చెయ్యాలి. పెళ్లి ఇక అతకదన్న ఒక్క కారణంతో విడాకులిచ్చే అధికారం కింది కోర్టులకు ఇప్పటికీ లేదు. అది రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టు చేతిలోనే ఉందని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. క్రైస్తవులకు 1869 నాటి చట్టం, దానికి 2001లో వచ్చిన సవరణలు వర్తిస్తాయి. ముస్లింలకు వారి చట్టాలున్నాయి. అందుకే వకీలు దగ్గరకు వెళ్లేముందు, పెళ్లి ఏ పద్ధతిలో, ఏ చట్టం కింద జరిగిందో చెప్పే కాగితం చేతిలో ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసే చట్టం 2002లోనే వచ్చింది. ఫొటోలు వందలు తీయించుకుని, ఆ ఒక్క కాగితం మరిచిపోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

విడాకులయ్యాక మొగుడి ఆస్తిలో సగం వస్తుందా అన్నది ఎక్కువ మంది అడిగే ప్రశ్న. సినిమాలు, సీరియళ్లు వస్తుందనే నమ్మించాయి. రాదు. పెళ్లయ్యాక సంపాదించినదంతా ఇద్దరిదీ అనే చట్టం మన దేశంలో, పోర్చుగీసు పౌరస్మృతి మిగిలిన గోవా లాంటి చోట్ల తప్ప ఎక్కడా లేదు. కాలిఫోర్నియాలో కాపురమున్న తెలుగు జంటకు, పెళ్లి తర్వాత ఆర్జించిన దానిలో చెరిసగం అని అక్కడి చట్టం చెబుతుంది. అదే జంట విశాఖలో ఉంటే, ఇల్లు ఎవరి పేరున రిజిస్టరైందో వారిదే. భార్య జీతం ఇంటి ఖర్చుకూ, భర్త జీతం ఇంటి వాయిదాలకూ పోయిన కాపురంలో, పదిహేనేళ్ల తర్వాత లెక్క చూస్తే ఒకరి చేతిలో ఇల్లు, మరొకరి చేతిలో కిరాణా చిట్టాలు మిగులుతాయి. ఇది అన్యాయం, మరో మాట లేదు. దీన్ని సరిదిద్దే దిశగా 2010లో పార్లమెంటు ముందుకు ఒక బిల్లు వచ్చింది. భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇచ్చే ఏర్పాటుతో 2013 ఆగస్టులో రాజ్యసభ దాన్ని ఆమోదించింది. లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. ఆ తర్వాత అది చట్టం కాలేదు. విడాకులు పొందిన భార్య మాజీ భర్తకు వారసురాలూ కాదు. పిల్లలకు మాత్రం తండ్రి ఆస్తిలో హక్కు ఎక్కడికీ పోదు.

కాబట్టి స్త్రీకి నిలిచే ఆస్తి ఏది? మొదటిది స్త్రీధనం. పెళ్లిలో పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, చుట్టాలు ఆమెకు పెట్టిన నగలు, సారె సామాను, నగదు ఆమె సొంతం. అత్తగారి బీరువాలో ఉన్నా ఆమెవే. అడిగినా ఇవ్వకపోతే అది నమ్మకద్రోహం నేరమని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కట్నం తీసుకోవడం నేరమే అయినా, తీసుకున్నది మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టమే చెబుతోంది. నగల షాపు బిల్లు, బ్యాంకు పుస్తకం, పెళ్లి నాటి జాబితా, ఇవే ఆమె సాక్షులు.

రెండోది పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి. మన జిల్లాల్లో తండ్రి పెళ్లి పందిట్లో నలుగురి ఎదుట "అమ్మాయికి అరెకరం పసుపు కుంకుమ కింద ఇస్తున్నాను" అంటాడు. ఆ మాట మీద గౌరవం చాలా గొప్పది. కానీ స్థిరాస్తిని దానం చెయ్యాలంటే రిజిస్టరు చేసిన దస్తావేజు ఉండాలని ఆస్తి బదలాయింపు చట్టం 123వ సెక్షన్ అంటుంది. తండ్రి ఉన్నన్నాళ్లూ గింజలు వస్తాయి. తండ్రి పోయాక అన్నదమ్ములు పాస్‌ పుస్తకం తీసి చూపిస్తారు. అందులో ఆమె పేరు ఉండదు. కాపురం చెడి పుట్టింటికి వచ్చిన రోజున ఆమెకు మిగలాల్సిన ఒక్క ఆధారమూ, నోటిమాటగా మిగిలిపోవడం వల్లే జారిపోతుంది.

మూడోది పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో వాటా. ఈ విషయంలో తెలుగు నేల దేశానికి ముందు నడిచింది. హిందూ వారసత్వ చట్టానికి ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురిని కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కుదారును చేసింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు మాత్రం అది వర్తించలేదు. అలా ఒకే ఇంట్లో పుట్టి, అక్కకు లేని హక్కు చెల్లెలికి దక్కిన కుటుంబాలున్నాయి. కేంద్రం 2005 సెప్టెంబరు 9న తెచ్చిన సవరణ ఆ గీతను చెరిపేసింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదనీ 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడా కాగితమే అడ్డొస్తుంది, కాగితమే కాపాడుతుంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను, కోర్టు డిక్రీలను తిరగదోడకూడదు. "ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం" అనే వాదనను మాత్రం గట్టి ప్రభుత్వ రికార్డు లేనిదే నమ్మకూడదు.

ఈ ఆస్తి కథలో అందరికంటే పెద్ద పేరు ఒక నెల్లూరు వితంతువుది. వి. తులసమ్మ భర్త 1931లో పోయాడు. ఆయన తన సవతి తమ్ముడు శేషారెడ్డితో ఉమ్మడి కుటుంబంలో ఉండేవాడు. 1944 అక్టోబరులో తులసమ్మ కోర్టు ఫీజు కట్టలేని పేదరాలిగా నెల్లూరు జిల్లా మునసబు కోర్టులో మనోవర్తి కోసం పిటిషన్ వేసింది. 1946లో డిక్రీ వచ్చింది. రాజీ కుదిరిందంటూ శేషారెడ్డి ముందుకొచ్చాడు. 1949లో కోర్టు నమోదు చేసిన ఆ రాజీ ప్రకారం తులసమ్మకు కొంత ఆస్తి ఇచ్చారు. అయితే బతికున్నన్నాళ్లూ అనుభవించడమే, అమ్మే హక్కు లేదు, ఆమె తర్వాత అది శేషారెడ్డికే వెళ్లాలి. ఆ రోజుల్లో వితంతువుకు ఇచ్చే భూమి అంతా ఇలాగే ఇచ్చేవారు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. దాని 14వ సెక్షన్, స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమె సంపూర్ణ హక్కుదారు అంది. అదే సెక్షన్ రెండో భాగం, పరిమిత హక్కుతోనే ఇచ్చిన ఆస్తిని మినహాయించింది. 1960లో తులసమ్మ కొంత భూమిని కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. శేషారెడ్డి దావా వేశాడు. కింది కోర్టుల్లో గెలుపు అటూ ఇటూ మారి, హైకోర్టులో ఆమె ఓడింది. 1977 మార్చి 17న జస్టిస్ భగవతి, జస్టిస్ ఫజల్ అలీ, జస్టిస్ ఎ.సి. గుప్తా ధర్మాసనం ఆమెను గెలిపించింది. వితంతువు మనోవర్తి హక్కు ఆ రాజీ కాగితంతో పుట్టింది కాదు, అంతకుముందే ధర్మశాస్త్రం ఇచ్చింది. ఆ హక్కుకు బదులుగా ఇచ్చిన భూమి ఆమెకు పూర్తిగా సొంతమవుతుంది, కాగితం మీద ఎన్ని షరతులు రాసినా సరే. పిటిషన్ వేసిన నాటి నుంచి ముప్ఫై రెండేళ్లకు పైగా పట్టింది. దేశమంతటా వేల వితంతువుల భూములను నిలబెట్టిన ఆ తీర్పు పేరు, నెల్లూరు కోర్టు మెట్లెక్కిన ఒక పేద తెలుగు స్త్రీది. ఈ తీర్పుకూ, రెండో భాగంలోని మినహాయింపుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది తేలక, 2024 డిసెంబరులో ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపారు. ఇప్పుడు రాయించే ప్రతి మనోవర్తి పత్రంలోనూ "ఆమె హక్కుకు బదులుగా ఇస్తున్నాం" అన్న మాట స్పష్టంగా ఉండాలని వకీళ్లు పట్టుబట్టేది అందుకే.

భూమి లేనివాళ్ల మాటేమిటి? వాళ్లకు తల మీద కప్పే కావాలి. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం, తాను కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఇచ్చింది. ఆ ఇల్లు మావగారి పేరున ఉంటే? ఉన్నా సరే, అది ఆమె కాపురమున్న ఉమ్మడి గృహమైతే హక్కు అడగొచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఉండే హక్కే కానీ ఆస్తి హక్కు కాదు. ఈ రెండూ కలగలిపి చూడటం వల్ల రెండు వైపులా బోలెడు పట్టుదలలు పెరుగుతున్నాయి.

మనోవర్తికి వద్దాం. భర్త జీతంలో మూడో వంతు అని కొందరు, నాలుగో వంతు అని కొందరు అంటారు. ఏ సూత్రమూ చట్టంలో లేదు. ఆమె అవసరం, అతని స్తోమత, ఇద్దరి జీవన స్థాయి, పిల్లల చదువు చూసి జడ్జి నిర్ణయిస్తారు. ఆమె చదువుకుంది, ఉద్యోగం చెయ్యగలదు అన్నంత మాత్రాన మనోవర్తి ఎగరగొట్టడానికి లేదు. హిందూ వివాహ చట్టం కింద సంపాదన లేని భర్త కూడా అడగొచ్చు. విడాకుల డిక్రీ వచ్చాక కూడా, మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు ఆమె అడగొచ్చు. "ఇక ఏమీ అడగను" అని రాయించుకున్న వాక్యం చాలా సందర్భాల్లో కోర్టు ముందు నిలవదు. పిల్లల పోషణ హక్కును తల్లి అసలే వదిలేయలేదు, అది ఆమెది కాదు కనుక.

పాత నేర విచారణ స్మృతిలో 125వ సెక్షన్‌గా అందరికీ తెలిసిన మార్గం, 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. 2001 దాకా దీని కింద నెలకు 500 రూపాయలకు మించి ఇవ్వడానికి వీల్లేకపోయేది. ఇప్పుడు పరిమితి లేదు. 1985లో షాబానో కేసు దేశాన్ని కుదిపిన మనోవర్తి మొత్తం నెలకు 179 రూపాయల 20 పైసలు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత అదే ప్రశ్న తెలంగాణ నుంచి మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. తలాక్ పొందిన ముస్లిం మహిళకు కుటుంబ న్యాయస్థానం నెలకు 20,000 మధ్యంతర భృతి ఇమ్మంటే హైకోర్టు దాన్ని 10,000 చేసింది. ఆ సెక్షన్ ఆమెకు వర్తించదని భర్త వాదించాడు. 2024 జులై 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీ ఆ వాదన కొట్టేసి, మతంతో నిమిత్తం లేకుండా ఈ హక్కు స్త్రీలందరిదీ అన్నారు. ఈ విషయంలో ఇక సందేహానికి చోటు లేదు.

ఆర్డరు వచ్చినంత మాత్రాన డబ్బు రాదని కోర్టుల చుట్టూ తిరిగిన ఆడవాళ్లకు బాగా తెలుసు. బకాయి పడ్డ ప్రతి నెలకూ నెల దాకా జైలుశిక్ష వేయొచ్చు. జైలుకెళ్లినా బాకీ తీరిపోదు. అయితే ఒక మెలిక ఉంది. బకాయి వసూలుకు వారెంటు కావాలంటే, అది ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు అడగాలి. "ఇస్తాడులే" అని రెండేళ్లు ఆగితే, మొదటి ఏడాది సొమ్ముకు ఈ దారి మూసుకుపోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక పోగొట్టుకున్నవాళ్లు తక్కువ కాదు. సంపాదన దాచే భర్తల కోసం, దాచే భార్యల కోసం కూడా, 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఒక కట్టడి చేసింది. ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలి. మనోవర్తి ఆర్డరు ఇచ్చిన రోజు నుంచి కాకుండా, పిటిషన్ వేసిన రోజు నుంచి లెక్కించాలి.

వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదన్న మాట తరచూ వినబడుతుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఎంత ఆదాయం ఉన్నా స్త్రీకి ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా, మండల న్యాయసేవాధికార సంస్థలే వకీలును పెట్టి ఇస్తాయి. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. దుర్గాబాయి కోరుకున్నట్టు రాజీకి కూర్చోబెట్టే మధ్యవర్తిత్వ కేంద్రాలూ ఉన్నాయి. దంపతుల కేసుల్లో ముందు మధ్యవర్తిత్వాన్ని ప్రయత్నించాలని 2013 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఒక తెలుగు జంట కేసులోనే. అక్కడ కుదిరిన రాజీ, రచ్చబండ మీద కుదిరిన రాజీలా కాక, కోర్టు ముద్రతో వస్తుంది.

తాండవకు ఇటూ అటూ ఉన్న పెద్దమనుషులకు ఒక విన్నపం. తగువు మీ ముందుకు వస్తుంది, రావాలి కూడా. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడండి, వేడి చల్లార్చండి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో, నగలు ఎవరికి వెళ్లాలో, నెలకు ఎంత ఇవ్వాలో తేల్చండి. కానీ స్టాంపు కాగితం తెప్పించి "ఇక సంబంధం లేదు" అని మీ చేతులతో రాయించకండి. మీరు కుదిర్చిన ఆ షరతులనే 13-బి పిటిషన్‌లో పెట్టించి, కోర్టు డిక్రీ తెప్పించండి. ఆ డిక్రీ సర్టిఫైడ్ నకళ్లు రెండు తీయించి, ఒకటి ఆ అమ్మాయి చేతిలో పెట్టండి.